బెల్లం ముట్టని అక్క

అక్క పెద్దకర్మ నాడు ఫైరాఫీసు జీపు వచ్చింది. కుందుర్పి అవతల చిన్న పల్లె, ఆమె పుట్టిన ఊరు. జీపులోంచి ఆఫీసరు దిగాడు. ఆయన వెనక ఫొటోలు తీసేవాడు దిగాడు. ఆ వెనక ఇంకొకడు పళ్లెంలో జరీ శాలువా పెట్టుకొని దిగాడు. బతికున్నవాళ్లకు శాలువా కప్పడం చూశాను, శవాలకు కప్పడమూ చూశాను, ఫొటోకు కప్పడం మాత్రం అదే మొదలు. గోడకు ఆనించిన ఫొటో మీద శాలువా నిలవదే! జారిపోతూ ఉంటే, "సార్, ఒక చేత్తో పట్టుకోండి సార్, ఇటు చూడండి" అన్నాడు ఫొటోలవాడు. సారు పట్టుకొన్నాడు, ఇటు చూశాడు, ముఖానికి రవంత దుఃఖం పూసుకొన్నాడు. "క్యాన్సర్ బారిన పడిన మన అగ్నిమాపక కుటుంబాలకు ఈ తల్లి కొండంత అండ" అని చెప్పి, ఆకు ముందు కూర్చొని, వడలు బాగున్నాయని అడిగి మరీ వేయించుకొన్నాడు.

కొండంత అండట! ఆ కొండ బస్టాండుల్లో నేల మీద తువ్వాలు పరుచుకొని పడుకొన్నప్పుడు, అమ్మా అన్నం తిన్నావా అని వీళ్లలో ఒక్కడు అడిగిన పాపాన పోలేదు.

అక్కే ఉండి ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. "థూ" అనేది. ఆమె థూ అంటే ఉత్తి మాట కాదు. లేచి, గడప దాటిపోయి, నిజంగానే ఉమ్మి, నోరు పుక్కిలించుకొని వచ్చి కూర్చునేది. శాలువాలకు థూ. రోగి మంచం పక్కన నిలబడి ఫొటో తీయించుకొనేవాళ్లకు థూ. "అంతా ఆ పైవాడు చూసుకుంటాడు" అనేవాళ్లకైతే రెండుసార్లు. కొంగు కాస్త జారినా పట్టించుకొనేది కాదు గానీ, ఎవరైనా రోగి ముందర కళ్లు ఒత్తుకొంటే మాత్రం చెయ్యి పట్టి బయటికి లాక్కుపోయేది. "ఏడ్చేదానికి ఊరంతా ఉండారు, టికెట్టు తీసేదానికి ఎవురుండారు చెప్పు?" ఇది ఆమె మాట. ఈ మాట అనని రోజును నేను చూడలేదు.

అట్లని ఆమె చూడగానే దండం పెట్టాలనిపించే మనిషి అనుకోవద్దు. పొడుగ్గా, ఎండిన కంది కట్టెలాగా ఉండేది. గొంతు కీచు. అన్నం, పప్పు, పచ్చడి, మజ్జిగ అన్నీ ఒకేసారి కలిపేసి, బస్సు తప్పిపోతుందేమోనన్నట్టు గబగబా మింగేది. ఎవరింటికి పోయినా కుర్చీ వేస్తే కూర్చోదు, గడప మీద కూర్చుంటుంది. గడప మీద కూర్చోవద్దని ముసలివాళ్లు మొత్తుకొంటే, "దరిద్రం లోపలికి వస్తాదనే కదా? అది ఎప్పుడో వచ్చి మంచమెక్కి పండుకొనుండాది, పో" అనేది. నాకూ మొదట్లో ఆమెను చూస్తే అసహ్యమే వేసింది. దాచుకోవడమెందుకు?

మా ఆయన ఫైరింజను డ్రైవరు. అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరి ఫైర్ స్టేషను వెనక క్వార్టర్సులో మా కాపురం. ఊరి పేరు వద్దులెండి. కరువు జిల్లాలో అన్నిటికీ కరువే గానీ మంటలకు కరువు లేదు. ఎండాకాలం వస్తే వేరుశనగ కట్టె వాములు, మిల్లుల్లో పొట్టు రాశులు, దారిలో లారీలు, ఏదో ఒకటి తగలబడుతూనే ఉంటుంది. గార్లదిన్నె పక్క పల్లెలకు పోయినా, ఇంకెక్కడికి పోయినా, ఇంజనులో నీళ్లు అయిపోతే మళ్లీ నింపుకోవడానికి బావుల్లో నీళ్లుండవు. అప్పుడు మట్టి పోసి, కొమ్మలతో కొట్టి, తడిపిన తువ్వాలు ముక్కుకు కట్టుకొని పొగలోకే దూరేవాళ్లు. తిరిగి వచ్చాక రెండు రోజులు నల్లగా ఉమ్మేవాళ్లు.

వాళ్లు వచ్చేసరికి క్వార్టర్సు ఆడవాళ్లమంతా గుమ్మాల్లో బెల్లం ముక్క, చెంబు నీళ్లు పట్టుకొని నిలబడేవాళ్లం. పొగ తాగిన గొంతును బెల్లం కడిగేస్తుందని మా నమ్మకం. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. మిల్లు కూలీలూ తింటారు, సిమెంటు మూటలు మోసేవాళ్లూ తింటారు, మావాళ్లూ తిన్నారు. కొందరు ఖాకీ చొక్కా జేబులో బెల్లం పొట్లం పెట్టుకొనే మంటకు పోయేవాళ్లు. తీసుకుపోవలసిన గాలి మిషను మాత్రం తీసుకుపోయేవాళ్లు కాదు.

గాలి మిషను అని మేమనేది వీపుకు తగిలించుకొనే సిలిండరును. దానికొక గొట్టం, ముఖానికి పట్టే అద్దం మాస్కు. అది పెట్టుకొంటే పొగలో కూడా మంచి గాలి పీల్చవచ్చు. స్టేషనుకంతా ఒక్కటే ఉండేది, అది ఆఫీసరు గదిలో అద్దాల బీరువాలో, తాళం వెనకాల ఉండేది. తనిఖీకి పెద్దసారు వస్తే తుడిచి చూపించేవాళ్లు. వారోత్సవాలప్పుడు బడిపిల్లలకు చూపించేవాళ్లు. మంటకు తీసుకుపోతే మసి అంటుకుంటుందట, గీత పడుతుందట, పైవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవాలట. మనిషి గుండెల్లో మసి అంటుకొంటే ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు కదా! తలచుకొంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పురుగుమందుల గోదాము తగలబడిన వేసవిలో మా ఆయన గొంతు బొంగురుపోయింది. నేను బెల్లం పెట్టాను. తగ్గలేదు. మిరియాలు వేసి మళ్లీ బెల్లమే పెట్టాను. వానలు పడేనాటికి ముద్ద మింగడం కష్టమైంది. అనంతపురంలో డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి, నన్ను పక్కకు పిలిచి, "బెంగళూరు తీసుకుపోమ్మా, ఆలస్యం చేయొద్దు" అన్నాడు. ఆ జబ్బు పేరు కూడా చెప్పాడు.

ఇంటికి వచ్చి మా బావకు చెప్పాను. మా ఆయనకు పెద్దన్న ఆయన, ఇంటికి పెద్ద. "వానికి చెప్పొద్దు. పేరు వింటే గుండె పగిలి చస్తాడు. గొంతులో పుండని చెప్పు. కర్ణాటక సరిహద్దులో ఒకాయన పసరు పోస్తాడంట, అమాస పోనీ, పిల్చుకపోతా" అన్నాడు. సరేనన్నాను. కాదనడానికి నాకేం తెలుసు? ఆ అమావాస్య పోయాక ఇంకో అడ్డం వచ్చింది. ఈ లోపల మా ఆయన మెడ పక్కన కాయంత వాపు లేచింది.

ఇక పలకరింపులు మొదలయ్యాయి. వచ్చే ప్రతివాడూ అరటిపళ్లే తెస్తాడు. అన్నం మింగలేని మనిషికి అన్నేసి అరటిపళ్లా? ఇల్లంతా మాగిన కంపు, ఈగలు. "బీడీ తాగుతాండెనా?" అని ఒకడు. "ఏ జన్మలో ఏం చేసినాడో" అని ఒకతె. తాగలేదు, ఏ జన్మలోనూ ఏమీ చేయలేదు, మీ గోదాములు ఆర్పాడు అని అరవాలనిపించేది. స్టేషను ఆఫీసరు కూడా వచ్చాడు, పళ్ల బుట్టతో, ఫొటోలవాడితో. మంచం మీద కూర్చోబెట్టి, చేతికి అరటిపండు ఇచ్చి, నవ్వమన్నారు. మా ఆయన నవ్వాడు కూడా. మరుసటి రోజు పేపర్లో జిల్లా పేజీలో పడింది. 'అగ్నిమాపక సిబ్బందికి అండగా ఉంటాం' అట. ఆ పేపరు కోసి గోడకు అంటించాడు మా బావ. ఛీ, మా బతుకులు!

అట్లాంటి ఒక పొద్దున, వైరు సంచి చంకన పెట్టుకొని ఎవరో ఒకామె తలుపు కూడా తట్టకుండా లోపలికి వచ్చేసింది. బొట్టు లేదు. ఇంట్లో బావ, తోడికోడలు, పక్క క్వార్టరువాళ్లు అందరూ ఉన్నారు. ఎవరినీ పలకరించలేదు. నేరుగా మేకుకు వేలాడుతున్న మా ఆయన ఖాకీ చొక్కా దగ్గరికి పోయి, ముక్కుకు ఆనించుకొని వాసన చూసింది. ఆ చొక్కా గోదాము మంటలో వేసుకొన్నది. ఎన్నిసార్లు ఉతికినా పొగ కంపు పోలేదు. మా పాపకు ఆ వాసనే నాయన వాసన. అది పక్కన లేకపోతే నిద్రపోయేది కాదు. ఆమె దాన్ని చేత్తో ఉండ చుట్టి, కిటికీలోంచి పెరట్లోకి విసిరేసింది. మా పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆమె పట్టించుకోలేదు. మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమప్పా, నీకు క్యాన్సరంట కదా?"

మా బావ ఊగిపోతూ లేచాడు. "ఏయ్, ఎవురు నువ్వు? బుద్ధీ గిద్ధీ ఉండాదా? నోటికేమొస్తే అది మాట్లాడతావా?"

"నాకు బుద్ధి యాడిదన్నా? ఉండింటే మా ఇంటాయన బతికుండు. ఆయప్పా ఫైరోడే. పేరు చెప్పకండా దాంచి దాంచి, ఆఖరికి గుంతలో దాంచిపెడ్తిమి."

నాకు ఆమె జుట్టు పట్టుకొని బయటికి ఈడ్చాలన్నంత కోపం వచ్చింది. అంతలో మంచం మీద నుంచి మా ఆయన మాట్లాడాడు. అప్పటికి ఆ గొంతు గాలి చప్పుడుగా మిగిలింది.

"నాకు తెల్సులే అక్కా. ఆ దినం డాక్టరు దీనికి చెప్తాంటే తలుపు పక్కనుంచి వింటి. ఇది తట్టుకోలేదని నేను చెప్పలా."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకొని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చూస్తిరా? మొగుడూ పెండ్లాం దాగుడుమూతలాడతాండారు. జబ్బొకటే దాంకోకండా పెరుగుతాండాది. లెయ్ మే, గుడ్డలు సర్దు. రేప్పొద్దున రైలు."

"అమాస దాటినాక..." అని మా బావ ఏదో అనబోయాడు.

"అమాసకు నువ్వు పో అన్నా పసరు తాగను. నీకు శానా అవసరముండాది."

ఇంటికి వచ్చిన మనిషికి బెల్లం, నీళ్లు ఇవ్వడం మా పక్కన మర్యాద. ఏమనుకొన్నా మర్యాద తప్పకూడదని పళ్లెంలో పెట్టి తెచ్చాను. బెల్లం చూడగానే ఆమె ముఖం మారిపోయింది. మురిక్కాలువ చూసినట్టు చూసింది. మోచేత్తో పళ్లెం తోసేసింది. "తీసెయ్. నా కండ్ల ముందర పెట్టొద్దు దాన్ని." బెల్లం నేల మీద దొర్లింది. ఎంత పొగరు దీనికి, గడపలోకి వచ్చి గంట కాలేదు, పాప చొక్కా విసిరేసింది, చేతిలో పళ్లెం తోసేసింది అని మనసులో నా నోటికి వచ్చినవన్నీ తిట్టుకొన్నాను. ఆమె మాత్రం అరటిపళ్ల అత్తాలన్నీ చంకన పెట్టుకొని పోయి, వీధిలో మేకలకు వేసి వచ్చింది.

మా ఆయన ఆమె మాటే విన్నాడు. మరుసటి రోజు రైలెక్కాం.

రైల్వే స్టేషను కిటికీ దగ్గర, క్యాన్సరు రోగికీ తోడుపోయేవాళ్లకూ రైలు టికెట్టులో తగ్గింపు ఉంటుందని నాకు ఆమె చెబితేనే తెలిసింది. మా ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు, వాళ్లకూ తెలియదనుకొంటా. కిటికీలో గుమాస్తా, "మెల్లగా చెప్పమ్మా, అందరూ వింటాండారు" అన్నాడు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది: "విననీలే సామీ. దొంగతనం చేసినామా, క్యాన్సరే కదా వచ్చింది!" నేను సిగ్గుతో తల దించుకొన్నాను. మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఎవరూ నవ్వమనకుండానే.

బెంగళూరు పెద్దాసుపత్రిలో ఆమె ఉన్నన్నాళ్లూ నాకు కాలూ చెయ్యీ ఆమే. అట్లని అన్నీ సరిగ్గా చేసిందని కాదు. ఆమె కన్నడం ఆమెకే అర్థమయ్యేది. మొదటి పొద్దు మమ్మల్ని తీసుకుపోయి కళ్ల రోగుల వరుసలో నిలబెట్టింది. నర్సమ్మలతో కయ్యం, కాఫీ అమ్మేవాడితో కయ్యం. సత్రంలో ఆమె గురక్కు పక్కవాళ్లు చాప చుట్టుకొని లేచిపోయారు. కానీ ఎవరినీ వదిలేది కాదు. ఏ వరండాలోనైనా ఎవరో ఒకామె కాగితాలు చేత పట్టుకొని దిక్కులు చూస్తూ ఉంటే చాలు, "ఏ ఊరు మే? ఎవురికి? యాడ లేసింది?" అని పోయి పక్కన కూలబడేది.

వైరు సంచిలో ఒక దిండు, సత్తు గ్లాసు, చింతకాయ పచ్చడి సీసా, బోలెడన్ని గుడ్డ పేలికలు ఉండేవి. మెత్తటి పేలికలు. గొంతుకు కరెంటు, అంటే రేడియేషను, పెట్టినవాళ్లకు నోట్లోంచి ఊరికే చొంగ కారుతుంది, తుడవడానికి గరుకు గుడ్డ పనికిరాదు. ఒకరోజు మా ఆయన గడ్డం తుడుస్తూ చూశాను, పేలిక అంచున రెండు జరీ పోగులు మెరిశాయి.

"ఇదేంది అక్కా, పట్టు గుడ్డనా?"

"మా ఇంటాయన శవం మీద కప్పిన శాలువా మే. డిపార్టుమెంటోళ్ల మర్యాద. దగ్గుతాండగా రవంత గాలి ఇయ్యలేదు గానీ, చచ్చినాక చలేస్తాదని దుప్పటి కప్పిరి." గడప లేదు కాబట్టి వరండా చివరి దాకా పోయి ఉమ్మి వచ్చింది. "జరీ గీసుకుంటాది, దాన్ని పీకెయ్యల్ల. నడిమి గుడ్డ మాత్రం బాగుంటాది."

ఆపరేషను అవుతున్న మధ్యాహ్నం ఇద్దరమే మెట్ల మీద కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని, "అక్కా, ఆపొద్దు బెల్లం పళ్లెం ఎందుకు తోసేస్తివి? నేనేం తప్పు చేస్తిని?" అన్నాను. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది.

"నువ్వు చేసిందే నేనూ చేస్తిని మే. ఆయప్ప పొగలోంచి వస్తే బెల్లం పెడ్తాంటి. దగ్గితే ఇంగ రవంత పెడ్తాంటి. నెత్తురు పడిందే అంటే, వేడి చేసిందిలే అని మజ్జిగలో బెల్లం కలిపి ఇస్తి. ఒక ఏడాదంతా బెల్లం పెట్టుకుంటా కూచుంటి. నన్ను నమ్మి తినె ఆయప్ప. పిల్లోని మాదిరి చెయ్యి చాంచి మరీ తినె. ఈ మెట్ల మీదికి తెచ్చేటాలకు డాక్టరు ఒకే మాట అనె, ముందే తెచ్చింటే అని. ఇంగ ఆ మాట చెవులో నుంచి పోదు మే. పండుకున్నా పోదు."

అంత కీచు గొంతు, ఆ మాటల దగ్గర ఇసుకలో నీళ్లలాగా ఇంకిపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకొన్నాను. విదిలించుకొంది. "నన్ను కాదు, లోపలున్నోన్ని చూసుకో" అంది.

మా ఆయన బతికాడు. గొంతు పోయింది. మెడలో రంధ్రం, దాని మీద తెల్ల గుడ్డ, మాట లేదు, మనిషి మాత్రం దక్కాడు. ఇంకొక నెల అమావాస్యలు లెక్కపెట్టుకొని ఉంటే మనిషీ ఉండేవాడు కాడని డాక్టరు చెప్పాడు. ఇంజను నడపలేడు కాబట్టి స్టేషనులో సామాన్ల గది చూసుకొనే పని ఇచ్చారు.

మరుసటి ఏడు ఆయుధపూజకు మమ్మల్ని చూసిపోదామని అక్క వచ్చింది. స్టేషను ముందర ఇంజను కడిగి, అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పీట మీద గొడ్డళ్లు, గొట్టాలు, ఇనప టోపీలు. అన్నిటికీ నడుమ, బీరువాలోంచి దించిన గాలి మిషను. సిలిండరుకు పసుపు, మాస్కు అద్దానికి మూడు వేళ్ల గంధం, నడుమ ఇంత కుంకుమ, చామంతి దండ. ఆఫీసరు పట్టుపంచె కట్టుకొని హారతి ఇస్తున్నాడు. క్వార్టర్సు ఆడవాళ్లమంతా కళ్లకు అద్దుకొంటున్నాం.

అక్క గుంపును తోసుకొని ముందుకు పోయింది. కొంగుతో మాస్కు అద్దం మీది కుంకుమ బరాబరా తుడిచేసింది.

"ఏమమ్మా, ఏం చేస్తాండావు?" అన్నాడు ఆఫీసరు.

"దేవున్ని చేసి కూచోబెడ్తిరి కదా సార్. దేవుడు పొగలోకి వస్తాడా? ఇది రావల్ల. ఏదీ, ఒక్కతూరి తగిలించుకోండి, చూస్తాం."

పండగ పూట నలుగురిలో మాట పోతుందని ఆయన నవ్వుతూనే మాస్కు ముఖానికి పెట్టుకొన్నాడు. ఒక ఫైర్‌మన్ సిలిండరు మర తిప్పాడు. చప్పుడు లేదు. ఇంకా తిప్పాడు. లోపల ఆయన ముఖం ఎర్రబడింది, అద్దానికి ఆవిరి పట్టింది, రెండు చేతులతో మాస్కు పీకేసుకొని రొప్పాడు. సిలిండరులో గాలి లేదు. ఎప్పుడు అయిపోయిందో, అసలు ఎప్పుడైనా నింపారో ఎవరికీ తెలియదు. హైదరాబాదు పంపి నింపించాలట, ఎవరూ పంపలేదు. ఏళ్ల తరబడి ఉత్తి డబ్బాకు తాళం వేసి, ఉత్తి డబ్బాకు పూజ చేసి, ఉత్తి డబ్బాను పిల్లలకు చూపించి చప్పట్లు కొట్టించుకొన్నారు. నేనూ దానికి దండం పెట్టుకొన్నదాన్నే. అప్పుడు నాకు కలిగిన రోత ఇంతా అంతా కాదు.

అంత జరిగినా వెనక నుంచి ఎవరో గొణిగారు. "పండగ పూట ముండమోపి వచ్చి ముట్టుకుంటే ఇంగేమైతాది?"

అక్క తిరిగింది. "అవునప్పా, నేను ముండమోపినే. నన్ను ముండమోపిని చేసింది ఇట్లాంటి బీరువానే. మీ ఇండ్లల్లో ఆడోళ్ల ముఖాన కుంకుమ ఉండల్లంటే, దీనికి పెట్టే కుంకుమ మానుకోండి."

ఆమె పీట పక్కన ఉమ్మలేదు. గేటు దాకా పోయి, రోడ్డు మీద ఉమ్మి, నోరు కడుక్కొంది. ఆమెకూ మర్యాదలున్నాయి.

సిలిండరు హైదరాబాదు పోయి నిండి వచ్చింది. వచ్చి మళ్లీ బీరువాలోకే పోయింది, మళ్లీ తాళం. సిగ్గులేని జన్మలు! అయితే ఈసారి సామాన్ల గదిలో మా ఆయన ఉన్నాడు. గంట మోగితే చాలు, ఆఫీసరు గదిలోకి పోయి చేతికర్రతో ఆ బీరువా అద్దం మీద టకటకా కొట్టేవాడు. మాట లేదు కదా, అదే మాట. తాళం తీసేదాకా ఆపేవాడు కాదు. ఒకరోజు ఆఫీసరు లేడు, తాళంచెవి లేదు, పత్తి లారీ అంటుకొంది. అద్దం పగిలింది. ఎట్లా పగిలిందని ఎవరూ అడగలేదు. ఆ పొద్దు నుంచి గాలి మిషను ఇంజనులోనే ఉంది.

అక్క తిరుగుడు మాత్రం ఆగలేదు. జిల్లాలో ఏ ఫైరోడికి దగ్గు తగ్గకపోయినా, ఎక్కడ వాపు లేచినా, ఎవరో ఒకరు ఆమెకు కబురు చేసేవాళ్లు. పోయేది, చొక్కా వాసన చూసేది, పేరు చెప్పేది, తిట్లు తినేది, రైలెక్కించేది. కొందరు బతికారు, కొందరు పోయారు. పోయినవాళ్ల ఇళ్లకు మళ్లీ పోయి, ఆ ఆడవాళ్ల పక్కన గడప మీద కూర్చునేది. ఏ ఇంట్లోనూ బెల్లం ముట్టలేదు. పండక్కి పరమాన్నం పెడితే విస్తరి మడిచేసేది. బెల్లమంటే ఆమెకు అంత రోత అనుకొన్నాం అందరం.

మొన్న అనంతపురం బస్టాండులో, కదిరి బస్సు కోసం బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చొని, కూర్చున్నట్టే పోయింది. కదిరి పక్కన ఒక కుర్ర ఫైర్‌మన్‌కు దవడ కింద గడ్డ లేచిందట. పెళ్లై ఏడాది కాలేదట. వాళ్లింట్లో ఇంకా గవదబిళ్లలనే అంటున్నారట.

జీపు పోయాక, తిన్న ఆకులు ఎత్తేశాక, అక్క కూతురు లోపలి నుంచి వచ్చింది. ఫొటో ముందర పరిచిన ఆకులో పెద్ద బెల్లం అచ్చు పెట్టింది. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది.

"ఏమే, నీకేమన్నా మతి ఉండాదా? మీయమ్మకు దాన్ని చూస్తేనే గిట్టదు కదా! ఆ శాలువా చాల్లేదని ఇదొకటా?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "అదేంది చిన్నమ్మా, మాయమ్మకు బెల్లమంటే పానం. చిన్నప్పుడు మాకు లేకుండా తానే తినేస్తాండె, నాయన కసిరేటోడు. నాయన పోయిన దినం నుంచే ముట్టలా. ఇంగ ఇప్పుడన్నా తినల్ల కదా."

ఇన్నేళ్లూ రోత అనుకొన్నది రోత కాదు. తనకు తాను వేసుకొన్న శిక్ష. ఎన్ని ఇళ్ల గడపల మీద కూర్చుందో, ఎన్ని పళ్లాలు తోసేసిందో, ప్రతిచోటా నోట్లో నీళ్లు ఊరుతుండగానే తోసేసింది. అక్కడ ఫొటో మీద ఆ జరీ శాలువా ఒక పక్కకు జారి, ఆమె ఒక కన్నును కప్పేసింది. రెండో కన్ను నన్నే చూస్తోంది.

శాలువా లాగేశాను. బెల్లం అచ్చు ఒక అంచు విరిచి, ఫొటోకు ఇంకా దగ్గరగా పెట్టాను.

"తిను అక్కా" అన్నాను. "ఆయప్పను చంపింది బెల్లం కాదు. తాళమేసిన బీరువా. తిను."

అప్పుడు ఏడుపు వచ్చింది. గట్టిగానే ఏడ్చాను. చెయ్యి పట్టి బయటికి లాక్కుపోవడానికి ఆమె లేదు కదా.

తర్వాత కూతుర్ని కత్తెర తెమ్మన్నాను. జరీ అంచు పీకి పొయ్యిలో వేశాం. నడిమి గుడ్డ బాగుంది, మెత్తగా ఉంది. ఇద్దరం చెరో కొస పట్టుకొని పేలికలు చింపుతుంటే, మా ఆయన ఆ వైరు సంచి ఎక్కడినుంచో వెతికి తెచ్చాడు. దిండు సర్దాడు, గ్లాసు సర్దాడు, పేలికలన్నీ మడిచి పైన పెట్టుకొన్నాడు. సంచి భుజానికి తగిలించుకొని గడప దగ్గర నిలబడ్డాడు. నేనింకా ముక్కు చీదుకొంటూ కూర్చొనే ఉన్నాను. కదిరి బస్సుకు వేళయిందని, చేతికర్రతో తలుపు మీద టకటకా కొట్టాడు. నేను లేచేదాకా ఆపలేదు.